విమానాశ్రయానికి, ఊరికి మధ్య: ఏ బండి ఎప్పుడు ఎక్కాలి?

విమానం టికెట్ కొనేటప్పుడు నాలుగు చోట్ల వెతికి, అరగంట తేడాను కూడా బేరీజు వేసుకుంటాం. దిగాక ఊళ్లోకి ఎలా వెళ్లాలన్నది మాత్రం అప్పుడు చూసుకుందాంలే అని వదిలేస్తాం. తీరా దిగే వేళకు ఒళ్లు అలిసి ఉంటుంది, చేతుల నిండా సామాను ఉంటుంది, ఫోనులో చార్జింగ్ అడుగంటి ఉంటుంది. ఎదుట అయిదారు రంగుల బోర్డులు అయిదారు దిక్కులు చూపిస్తుంటాయి. ఆ స్థితిలో చాలామంది కనిపించిన మొదటి బోర్డు వెంట నడుస్తారు, లేకపోతే టాక్సీ ఎక్కేస్తారు. ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో తేల్చుకోగలిగిన విషయం కాబట్టి, దాన్ని తేల్చుకునే పద్ధతి ఏమిటో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఏది వేగంగా వెళ్తుందని అందరూ అడుగుతారు. నా దృష్టిలో అది మూడో ప్రశ్న. మొదటిది, విమానం దిగి వస్తున్నానా, ఎక్కడానికి వెళ్తున్నానా? రెండోది, ఆ బండి నన్ను ఎక్కడ దింపుతుంది, అక్కడి నుంచి గది చేరేలోగా సామాను ఎన్నిసార్లు ఎత్తి దించాలి? ఈ రెండింటికీ జవాబు దొరికితే వేగం సంగతి దాదాపు దానంతటదే తేలిపోతుంది.

రావడానికి ఒక లెక్క, పోవడానికి ఒక లెక్క

విమానం దిగి ఊళ్లోకి వెళ్లేటప్పుడు 20 నిమిషాలు ఆలస్యమైతే పోయేది ఆ 20 నిమిషాలే. గది ఎక్కడికీ పోదు, ఎదురుచూసే చుట్టాలు కాస్త ఓపిక పడతారు. అదే విమానం ఎక్కడానికి వెళ్లేటప్పుడు ఆ 20 నిమిషాలు ఒక్కోసారి ప్రయాణాన్నే మింగేస్తాయి. అంతర్జాతీయ విమానాలకు సామాను తీసుకునే కౌంటర్‌ను చాలా సంస్థలు బయలుదేరే వేళకు గంట ముందే మూసేస్తాయి. మూశాక మీరు ఎంత కష్టపడి వచ్చారన్నది లెక్కలోకి రాదు.

అందుకే వచ్చేటప్పుడు మామూలు రోజున ఎంత పడుతుందో చూసుకుంటే చాలు, వెళ్లేటప్పుడు చెడ్డ రోజున ఎంత పడుతుందో చూసుకోవాలి. ఒక ఊళ్లో బస్సు మామూలుగా 40 నిమిషాల్లో చేరుస్తుందని, వాన పడ్డ సాయంత్రం గంటన్నర తీసుకుంటుందని అనుకుందాం. రైలుకు ఏ రోజైనా 55 నిమిషాలు. విమానం దిగి వచ్చేటప్పుడు నేను బస్సే ఎక్కుతాను. ఎక్కడానికి వెళ్లేటప్పుడు మాత్రం రైలే. ఒకే దారికి రెండు వైపులా రెండు రకాల బళ్లు ఎంచుకోవడం వింతగా అనిపించవచ్చు. కానీ రానూపోనూ కలిపి కొంటే తగ్గింపు వస్తోందని రెండు వైపులా బస్సు టికెట్లు కొనేసి, తిరుగు ప్రయాణం రోజున ట్రాఫిక్‌లో కూర్చుని గడియారం వంక చూసిన అవస్థ నాకు తెలుసు.

రైలు ఎప్పుడూ ఆగదని చెప్పడం లేదు. ఢిల్లీ విమానాశ్రయానికి వెళ్లే ఎక్స్‌ప్రెస్ మెట్రో 2011 ఫిబ్రవరిలో మొదలై, సాంకేతిక లోపాల వల్ల 2012 జూలైలో ఆగిపోయి, మళ్లీ 2013 జనవరిలో గానీ పట్టాలెక్కలేదు. అంత పెద్ద అంతరాయాలు అరుదు. ఒక రైలు రద్దు కావడం, ఒక బస్సు నిండిపోయి ఎక్కించుకోకపోవడం మాత్రం ఎక్కడైనా జరుగుతుంది. దానికి నేను పాటించే నియమం ఒకటుంది. నన్ను సరిగ్గా వేళకు చేర్చే బండి ఏదో చూసుకుని, దానికంటే ఒక బండి ముందు ఎక్కుతాను. ఆరు నిమిషాలకొక మెట్రో ఉన్న చోట దీనికయ్యే ఖర్చు ఆరు నిమిషాలు. గంటకొక బస్సు ఉన్న చోట గంట ముందు బయలుదేరాలి. ఆ గంట మీకు భారమనిపిస్తే, ఆ బస్సు విమానం ఎక్కడానికి వెళ్లే దారి కాదని అర్థం.

ఎక్స్‌ప్రెస్ రైలు: ఎక్కడ మేలు, ఎక్కడ వృథా

విమానాశ్రయంలో అన్నిటికంటే పెద్ద బోర్డు, అన్నిటికంటే ఎక్కువ ప్రకటనలు ఈ రైలువే. మధ్యలో ఎక్కడా ఆగకుండా, సామాను పెట్టుకోవడానికి అరలతో, విశాలమైన సీట్లతో నగరంలోని ఒక పెద్ద స్టేషన్‌కు తీసుకెళ్తుంది. టికెట్ కూడా మామూలు రైలుకంటే బాగా ఎక్కువ. ఆ ఎక్కువ దేనికి ఇస్తున్నామో తెలుసుకుని ఇవ్వాలి.

ఓస్లో సంగతి చూడండి. అక్కడి ప్రత్యేక విమానాశ్రయ రైలు నగరంలోని ప్రధాన స్టేషన్‌కు సుమారు 20 నిమిషాల్లో వెళ్తుంది. అదే పట్టాల మీద, అదే స్టేషన్‌కు నడిచే మామూలు రైలుకు పట్టేది 23 నిమిషాలు. మూడు నాలుగు నిమిషాల కోసం అంత ఎక్కువ ఇవ్వడానికి నాకైతే కారణం కనిపించదు. వియన్నాలో సిటీ ఎయిర్‌పోర్ట్ ట్రెయిన్ ఆగకుండా 16 నిమిషాల్లో వీన్ మిట్టె స్టేషన్‌కు చేరుస్తుంది. లోకల్ రైలు అదే స్టేషన్‌కు 25 నిమిషాలు తీసుకుంటుంది. దూరప్రాంతాలకు పోయే రైల్‌జెట్ అనే మరో రైలు 15 నిమిషాల్లోనే నగర ప్రధాన స్టేషన్‌లో దింపుతుంది. అంటే ఆ ఊళ్లో 'ఎక్స్‌ప్రెస్' అన్న పేరు లేని రైలే కొందరికి అన్నిటికంటే వేగమైనది. బోర్డు మీద దాని పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి, తెలిసినవాళ్లే ఎక్కుతారు.

లండన్‌లో లెక్క ఇంకో రకం. హీత్రూ ఎక్స్‌ప్రెస్ 1998 నుంచి 15 నిమిషాల్లో ప్యాడింగ్టన్ స్టేషన్‌కు తీసుకెళ్తోంది. ప్యాడింగ్టన్ నగర కేంద్రానికి పడమటి అంచున ఉంటుంది. మీ బస ఆ చుట్టుపక్కలైతే అంతకంటే హాయి లేదు. తూర్పు వైపో, నడిబొడ్డునో అయితే అక్కడ దిగి, మెట్రోలోకి మారి, మళ్లీ ఎక్కాలి. 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్ రైలు హీత్రూ నుంచి నేరుగా నగరం కడుపులోంచి పోయి, టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ వద్ద అరగంట పైచిలుకులో దింపుతుంది. ప్యాడింగ్టన్‌లో దిగి మారే సమయం కలుపుకుంటే ఎక్స్‌ప్రెస్ ఆదా చేసిందేమీ మిగలదు, పైగా పెట్టె రెండోసారి ఎత్తాలి.

షాంఘైలో గాలిలో తేలుతూ పోయే మాగ్లెవ్ రైలు సుమారు 30 కిలోమీటర్లను ఎనిమిది నిమిషాల్లో దాటేస్తుంది. ఎక్కి తీరవలసిన అద్భుతం, అందులో సందేహం లేదు. కానీ అది ఆగేది లాంగ్‌యాంగ్ రోడ్ స్టేషన్ దగ్గర, నగరం నడిమధ్యకు చాలా ఇవతల. అక్కడి నుంచి మళ్లీ మెట్రో ఎక్కాలి. మరి ఆ మెట్రో రెండో లైనే నేరుగా విమానాశ్రయం దాకా వస్తుంది. నిదానంగా వెళ్లినా ఒకే రైలు, ఒకే సీటు.

ఎక్స్‌ప్రెస్ నిజంగా ఆదుకునే చోట్లు లేవా అంటే ఉన్నాయి. విమానాశ్రయం చాలా దూరంగా ఉన్నప్పుడు దాని విలువ పెరుగుతుంది. టోక్యోకు నరిటా సుమారు 60 కిలోమీటర్లు. అక్కడి స్కైలైనర్ రైలు గంటకు 160 కిలోమీటర్ల వేగంతో నిప్పోరి స్టేషన్‌కు 36 నిమిషాల్లో చేరుతుంది, మామూలు రైళ్లకు అంతకు రెట్టింపు దాకా పడుతుంది. కౌలాలంపూర్ విమానాశ్రయం నుంచి ఆగకుండా వచ్చే రైలు 28 నిమిషాల్లో ఊళ్లో ఉంటుంది, రోడ్డు మీద గంట దాటవచ్చు. అలాంటి చోట ఎక్కువ ఇచ్చి ఎక్కినందుకు బాధ ఉండదు.

ఎక్స్‌ప్రెస్‌కున్న మరో గుణాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. హాంకాంగ్, కౌలాలంపూర్, ఢిల్లీ వంటి కొన్ని చోట్ల ఊళ్లోని స్టేషన్‌లోనే చెక్-ఇన్ చేసి, పెద్ద పెట్టెలను అక్కడే అప్పగించే ఏర్పాటు ఉంది. మీ విమాన సంస్థ అందులో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఉంటే మాత్రం, విమానం రాత్రికైతే పగలంతా చేతులు ఊపుకుంటూ తిరగవచ్చు. పెట్టె మోసే బాధ తప్పించడానికి ఎక్కువ ఇవ్వమంటే నేను సంతోషంగా ఇస్తాను. మూడు నిమిషాల కోసం ఇవ్వమంటే ఇవ్వను.

ఒక చిన్న లెక్క

అరగంటకొకటి నడిచే 20 నిమిషాల ఎక్స్‌ప్రెస్ ఒకటి, ఎనిమిది నిమిషాలకొకటి నడిచే 45 నిమిషాల మెట్రో ఒకటి ఉన్నాయనుకోండి. వేళలు చూడకుండా వెళ్లేవారికి సగటు నిరీక్షణ రెండు బళ్ల మధ్య వ్యవధిలో సగం. ఎక్స్‌ప్రెస్‌కు 15 నిమిషాల నిరీక్షణ, 20 ప్రయాణం, పెద్ద స్టేషన్‌లో దిగి మారడానికి 12, అక్కడి నుంచి మరో 10. మొత్తం 57. మెట్రోకు నాలుగు నిమిషాల నిరీక్షణ, 45 ప్రయాణం, దిగి నడక అయిదు. మొత్తం 54. బోర్డుల మీద 20 అనీ 45 అనీ ఉంటుంది, గుమ్మం దగ్గర చూస్తే మామూలు మెట్రోదే పైచేయి. ఏ ఊరికైనా ఈ నాలుగు అంకెలూ కాగితం మీద వేసుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి: నిరీక్షణ, ప్రయాణం, మార్పు, చివరి నడక.

మామూలు మెట్రో, లోకల్ రైలు

ఒంటరిగా, ఒక పెట్టెతో పోయేవారికి నా మొదటి సలహా ఎప్పుడూ ఇదే. రోజూ పనులకు వెళ్లేవారి రైలు ఇది. తరచుగా వస్తుంది, ఒకటి తప్పిపోతే ఇంకొకటి ఉంటుంది, ఊళ్లో పది చోట్ల ఆగుతుంది. ఆ పది చోట్లలో ఒకటి మీ గదికి దగ్గరగా ఉండే అవకాశం, ఎక్స్‌ప్రెస్ ఆగే ఒక్క చోటు దగ్గరగా ఉండే అవకాశంకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సోల్‌లో ఇంచన్ విమానాశ్రయం నుంచి ఆగకుండా పోయే రైలు 43 నిమిషాల్లో సోల్ స్టేషన్ చేరుతుంది. అన్ని స్టేషన్లలో ఆగే రైలుకు గంట పడుతుంది. కానీ ఎంతోమంది ప్రయాణికులు బస చేసే హాంగిక్ యూనివర్సిటీ ప్రాంతంలో ఆగేది రెండోదే. అక్కడ బస ఉన్నవారు మొదటిది ఎక్కితే దాటిపోయి వెనక్కి రావాలి.

ఆమ్‌స్టర్‌డామ్, జ్యూరిక్ వంటి చోట్ల ఇంకా సుఖం. దేశమంతా తిరిగే రైళ్ల స్టేషన్ విమానాశ్రయం కిందే ఉంటుంది. ఎస్కలేటర్ దిగితే ప్లాట్‌ఫారం, పావుగంటలో ఊరి నడిబొడ్డు. అలాంటి ఊళ్లకు వెళ్తుంటే ఈ వ్యాసం మిగతా భాగం చదవనక్కరలేదు, రైలెక్కండి.

మెట్రోకున్న ఇబ్బంది రద్దీ. పొద్దున ఎనిమిది నుంచి పది, సాయంత్రం అయిదు నుంచి ఏడు మధ్య రెండు పెద్ద పెట్టెలతో మెట్రో ఎక్కడం మీకూ కష్టం, ఉద్యోగాలకు పోయేవారికీ కష్టం. విమానాశ్రయం ఆ లైనులో మొదటి స్టేషన్ అయితే ఊళ్లోకి వచ్చేటప్పుడు సీటు దొరుకుతుంది, పెట్టెను మోకాళ్ల దగ్గర ఆనించుకోవచ్చు. వెళ్లేటప్పుడు మాత్రం నడుమ స్టేషన్‌లో నిండిపోయిన బోగీలోకి ఎక్కాలి. ఇది కూడా రాకకు, పోకకు ఒకే బండి పనికిరాకపోవడానికి ఒక కారణం.

నలభై ఆరు మెట్లు

రైలు మారడమన్నది పటంలో ఒక చిన్న గుండ్రని చుక్క. ఆ చుక్క లోపల ఏముందో ఒకసారి అమ్మతో ప్రయాణంలో తెలిసొచ్చింది. ఫోనులోని దారి చూపే యాప్ 'మార్పునకు అయిదు నిమిషాలు' అంది. రెండు పెద్ద పెట్టెలు, ఒక చేతిసంచి. రైలు దిగి బోర్డుల వెంట నడిచాం. నడవ ముగిసింది, ఎదురుగా మెట్లు. లిఫ్టు తలుపు మీద పసుపు కాగితం అంటించి ఉంది, మరమ్మతులో ఉందని. ఎస్కలేటర్ దిగే వైపే ఉంది, ఎక్కే వైపు లేదు. అమ్మ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టుకూ రెండు పాదాలూ ఆనించి ఎక్కింది. ప్రతి పది మెట్లకూ ఆగి, నేను పర్వాలేదు, నువ్వు పెట్టె చూసుకో అంది. నేను ఒక పెట్టె పైకి చేర్చి, కిందికి వచ్చి, రెండోది ఎత్తాను. అప్పుడే లెక్కపెట్టాను, నలభై ఆరు మెట్లు. యాప్ చెప్పిన అయిదు నిమిషాలకు మాకు పట్టింది పాతిక. అదే విమానాశ్రయం నుంచి మా గది వీధి చివర ఆగే బస్సు ఒకటి ఉందని మర్నాడు తెలిసింది. పదిహేను నిమిషాలు ఆలస్యంగా చేరుస్తుందని పటం చూపించడంతో దాన్ని నేనే కొట్టేశాను.

ఆ తరవాత పెద్దవాళ్లతోగానీ, చిన్నపిల్లల బండితోగానీ వెళ్లేటప్పుడు సమయం బదులు ఎత్తులు లెక్కపెడుతున్నాను. బస్సు ఎక్కించడం ఒక ఎత్తు, దించడం ఒక ఎత్తు. రైలు మారే ప్రతి చోటా మరో రెండు. మూడు దాటిందంటే ఆ దారి వద్దు. లిఫ్టులు ఎక్కడున్నాయో, ఏది పనిచేయడం లేదో చాలా మెట్రో సంస్థలు తమ వెబ్‌సైట్లలో చూపిస్తాయి. బయలుదేరే ముందు రెండు నిమిషాలు అది చూడటం వేళల పట్టిక చూడటమంత ముఖ్యం. మార్పులు అన్నీ ఒకేలా ఉండవన్నది కూడా గుర్తుంచుకోవాలి. సింగపూర్‌లో చాంగీ నుంచి వచ్చే మెట్రో తనా మెరా స్టేషన్ దగ్గర మారాలి, కానీ అక్కడ మెట్లెక్కే పని లేదు, ప్లాట్‌ఫారం దాటి ఎదుటి రైలెక్కడమే. అలాంటి మార్పును మార్పుగా లెక్కపెట్టను.

బస్సును తక్కువ చేయకండి

రైలున్న ఊళ్లో బస్సు ఎక్కడం వెనకబాటు అనుకునేవాళ్లు ఎక్కువ. నా మటుకు, విమానం దిగి వచ్చే కుటుంబాలకు విమానాశ్రయ బస్సు అన్నిటికంటే మంచి బండి. గేటు బయటే నిలబడి ఉంటుంది. సామాను డిక్కీలో వేస్తారు, మళ్లీ దిగేదాకా దాని గురించి ఆలోచన లేదు. అందరికీ సీటు ఉంటుంది, పిల్లలు నిద్రపోతారు, కిటికీలోంచి కొత్త ఊరు కనిపిస్తుంది. పెద్ద హోటళ్ల దగ్గరో, ఊళ్లోని నాలుగైదు కూడళ్లలోనో ఆగుతుంది. టోక్యోలో ఇన్ని రైళ్లు ఉండి కూడా, రెండు విమానాశ్రయాల నుంచీ హోటళ్ల ముంగిళ్లకు పోయే బస్సులు నిండుగా నడుస్తున్నాయంటే కారణం ఇదే.

కొన్ని చోట్ల బస్సే దిక్కు. ఐస్‌లాండ్‌లో అసలు రైళ్లే లేవు. కెఫ్లావిక్ విమానాశ్రయం నుంచి రేక్యవిక్ నగరానికి సుమారు 50 కిలోమీటర్లు, విమానాలు దిగే వేళలను బట్టి బస్సులు బయలుదేరతాయి. ఇలా విమానానికి ముడిపెట్టి నడిపే బస్సు ఉన్న చోట నిశ్చింతగా ఉండవచ్చు. మీ విమానం గంట ఆలస్యంగా దిగినా అది మీ కోసం ఉంటుంది. గడియారానికి ముడిపెట్టి నడిపే బస్సు అలా ఆగదు. ఎక్కబోయే బస్సు ఈ రెంటిలో ఏ రకమో తెలుసుకోవడం చాలా అవసరం, ముఖ్యంగా రాత్రి ఆఖరి విమానానికి దిగేవారికి.

ప్రత్యేక బస్సు వేరు, ఊళ్లో తిరిగే మామూలు సిటీ బస్సు వేరు. సిటీ బస్సు అన్నిటికంటే చవక, కానీ డిక్కీ ఉండదు, ప్రతి స్టాపులో ఆగుతుంది, నిలబడి ఉన్నవారి మధ్య పెట్టె అడ్డం అవుతుంది. భుజాన ఒక్క సంచితో, తొందర లేని వేళ, దగ్గరి మెట్రో స్టేషన్ దాకా పోవడానికి అది చక్కగా సరిపోతుంది. ప్రాగ్‌లో జరిగేది అదే. 2024 నుంచి 59వ నంబరు ట్రాలీబస్సు విమానాశ్రయం నుంచి మెట్రో స్టేషన్‌కు చేర్చి వదిలేస్తోంది, అక్కడి నుంచి మెట్రో. ట్రాఫిక్ తక్కువగా ఉన్న భాగాన్ని బస్సు, ట్రాఫిక్ ఎక్కువగా ఉన్న భాగాన్ని మెట్రో పంచుకున్నాయి కాబట్టి ఆ జోడీ బాగుంటుంది.

పదిమందిని కలిపి ఎక్కించుకుని ఒక్కొక్కరినీ ఇంటి దగ్గర దింపే షటిల్ వ్యాన్లు కూడా ఉన్నాయి. మొదట దిగేవారికి బాగు, ఆఖరున దిగేవారికి ఊరంతా ప్రదక్షిణ. మీ వంతు ఎన్నోదో ముందు తెలియదు కాబట్టి విమానం ఎక్కడానికి వెళ్లేటప్పుడు వాటిని ఎక్కమని నేను ఎవరికీ చెప్పను.

పేరు చూసి మోసపోవద్దు

విమానాశ్రయం పేరులో నగరం పేరు ఉన్నంతమాత్రాన ఆ నగరంలో ఉన్నట్టు కాదు. పారిస్-బోవే విమానాశ్రయం పారిస్‌కు 80 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ అయితే ఫ్రాంక్‌ఫర్ట్‌కు 120 కిలోమీటర్లు. చవక టికెట్ కొన్నప్పుడు ఆ బస్సు ఖర్చూ, ఆ రెండు గంటలూ కలుపుకుని చూడాలి.

టెర్మినల్ విషయం ఇంకా జాగ్రత్త. ఢిల్లీ ఎక్స్‌ప్రెస్ మెట్రో మూడో టెర్మినల్‌కు వెళ్తుంది. ఒకటో టెర్మినల్‌కు వెళ్లాలంటే మెజెంటా లైను ఎక్కాలి, రెండూ వేర్వేరు స్టేషన్లు. లండన్‌లో శుక్ర, శనివారాల రాత్రంతా నడిచే పికడిల్లీ లైను మెట్రో హీత్రూ నాలుగో టెర్మినల్‌కు వెళ్లదు. రోమ్‌లో విమానాశ్రయం నుంచి రెండు రకాల రైళ్లు బయలుదేరతాయి. లియొనార్డో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాల్లో టెర్మినీ స్టేషన్‌కు పోతుంది, లోకల్ రైలు ట్రస్తెవెరె, తిబుర్తీనా వైపు పోతుంది గానీ టెర్మినీకి రాదు. పక్కపక్క ప్లాట్‌ఫారాల మీద రెండూ నిలబడి ఉంటే తొందరలో తప్పు రైలెక్కడం తేలిక. టికెట్ మీద, బోర్డింగ్ పాస్ మీద టెర్మినల్ నంబరు చూసుకుని, దానికి చేరే స్టేషన్ పేరు ఒక కాగితం మీద రాసుకోండి.

టికెట్ల దగ్గర ఒక మెలిక ఉంది. ఊళ్లో చెల్లే మామూలు టికెట్ విమానాశ్రయ స్టేషన్‌లో చెల్లకపోవచ్చు. సిడ్నీలో విమానాశ్రయ స్టేషన్లకు అదనపు రుసుము ఉంది, మాడ్రిడ్ మెట్రోలోనూ ఉంది, బార్సిలోనాలో పదిసార్లు వాడుకునే కార్డు మెట్రోలో విమానాశ్రయం దాకా పనిచేయదు. న్యూయార్క్ కెనడీ విమానాశ్రయం నుంచి వచ్చే ఎయిర్‌ట్రెయిన్‌కు ఒక చార్జీ, తరవాత ఎక్కే సబ్‌వేకు మరో చార్జీ. అందువల్ల పోల్చేటప్పుడు మొత్తం దారికి అయ్యేది చూడాలి. గేట్ల దగ్గర నిలబడి టికెట్లు ఉన్నాయని పిలిచేవారి దగ్గర కొనకండి, యంత్రం దగ్గరో అధికారిక కౌంటర్ దగ్గరో కొనండి.

అర్ధరాత్రి, తెల్లవారుజాము

వేళ కాని వేళ లెక్కలన్నీ తలకిందులవుతాయి. కోపెన్‌హాగన్‌లో డ్రైవర్ లేకుండా నడిచే మెట్రో 24 గంటలూ విమానాశ్రయానికి వస్తుంది. షికాగోలో ఓహేర్ నుంచి బ్లూ లైను కూడా రాత్రంతా నడుస్తుంది. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఎక్కువ నగరాల్లో మెట్రో అర్ధరాత్రి ప్రాంతంలో ఆగి, తెల్లవారుజామున అయిదు ప్రాంతంలో మొదలవుతుంది. పొద్దున ఆరున్నర విమానానికి నాలుగున్నరకే అక్కడ ఉండాలి, కాబట్టి తొలి రైలు మీకు పనికిరాదు. ఆదివారాలు, సెలవు రోజుల్లో తొలి రైలు ఇంకా ఆలస్యం.

రాత్రి దిగేవారు చూడవలసింది విమానం దిగే వేళ కాదు. చక్రాలు నేలను తాకాక విమానం నిలబడటం, తలుపులు తెరవడం, పాస్‌పోర్టు వరుస, సామాను కోసం నిలబడటం, స్టేషన్‌కు నడక, ఇవన్నీ కలిపి దేశంలోపలి విమానానికి ముప్పావు గంట, విదేశీ విమానానికి గంటంబావు వేసుకుంటాను. ఆ వేళకు, ఆఖరి రైలుకు మధ్య కనీసం గంట తేడా లేకపోతే ఆ రైలు మీద ఆశ పెట్టుకోవడం గాలిలో దీపం పెట్టడమే. రాత్రి బస్సు ఉందేమో చూసుకుని, దాని స్టాపు ఏ గేటు బయట ఉందో కూడా చూసుకోవాలి. అదీ లేకపోతే ఆ ఒక్క రాత్రికి టాక్సీ ఖర్చు పక్కన పెట్టుకోండి, తిరుగు ప్రయాణంలో మెట్రోతో సర్దుకుంటుంది.

ఎవరికి ఏది

ఒక్కరే, ఒక పెట్టె, పగటి పూట: మామూలు మెట్రో లేదా లోకల్ రైలు, రాకకైనా పోకకైనా. నలుగురి కుటుంబమైతే ఎక్స్‌ప్రెస్ రైలు టికెట్లు నాలుగు కొనే ముందు ఒక్క క్షణం ఆగండి. రైలు చార్జీ మనిషికింత, టాక్సీ చార్జీ బండికింత. ఒక్కరికి ఎంతో చవకైన ఎక్స్‌ప్రెస్ నలుగురికి టాక్సీకంటే ఎక్కువ కావచ్చు. మామూలు మెట్రోకు, బస్సుకు ఈ భయం దాదాపు ఉండదు. పెద్దవాళ్లు ఉంటే వచ్చేటప్పుడు విమానాశ్రయ బస్సు, నేరుగా పోయేది దొరికితే ఇంకేదీ ఆలోచించకండి. ఆఫీసు పని మీద, చిన్న సంచితో, పెద్ద స్టేషన్ దగ్గరే పని ఉంటే ఎక్స్‌ప్రెస్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు.

ఇవేవీ కుదరకపోతే నేను ఎక్కువగా చేసేది రెండూ కలపడం. ట్రాఫిక్ ఉండే దూరమంతా రైలులో వచ్చి, గదికి దగ్గరి స్టేషన్‌లో దిగి, ఆఖరి రెండు కిలోమీటర్లకు టాక్సీ పిలవడం. విమానాశ్రయం దగ్గర టాక్సీ కోసం పొడవాటి వరుస ఉంటుంది, ఊళ్లో స్టేషన్ బయట అంత ఉండదు. అమ్మతో ఆ తరవాత చేసిన ప్రయాణాలన్నీ ఇలాగే సాగాయి. దిగవలసిన స్టేషన్‌ను మాత్రం గదికి అతి దగ్గరిది అని కాకుండా, ప్లాట్‌ఫారం నుంచి వీధిలోకి లిఫ్టు ఉన్నది ఏదో చూసి ఎంచుకుంటాను. టాక్సీ ఇంకో అర కిలోమీటరు ఎక్కువ తిరిగినా సరే. బయలుదేరే ముందు రాత్రి ఆ స్టేషన్ పేరు, లిఫ్టు ఉన్న ద్వారం నంబరు, అది తప్పితే పట్టుకోవలసిన బస్సు నంబరు ఒక చీటీ మీద రాసి, పాస్‌పోర్టులో పెడతాను. ఫోను ఆరిపోయినా ఆ చీటీ ఉంటుంది.